భయమన్న ఒక్క మాట

అమెరికాలో మనవాళ్లని పంటి సంగతి అడిగి చూడండి. "ఇండియా వెళ్లినప్పుడు చూపించుకుందాం, ఇక్కడ రూట్ కెనాల్ అంటే ఆస్తులమ్ముకోవాలి" అంటారు. నేనూ అదే అనేవాణ్ని. ఇండియా వెళ్లేవాణ్ని, పెళ్లిళ్లూ పేరంటాలూ అన్నీ అయ్యేవి, పన్ను మాత్రం వెళ్లినట్టే తిరిగొచ్చేది. డబ్బు ఒక సాకు. అసలు సంగతి, నాకు భయం. చిన్నప్పుడు మత్తు ఎక్కకముందే పన్ను పీకిన పట్టకారు ఇప్పటికీ కళ్ల ముందు ఆడుతుంది. పిల్లల్ని దంతాల డాక్టరు దగ్గర కూర్చోబెట్టి "ఏం కాదు నాన్నా" అని ధైర్యం చెప్పే తండ్రిని, నాకు భయమని ఏ నోటితో చెప్పను? ఇలాంటి బింకం మీకూ ఏదో ఒక విషయంలో ఉండే ఉంటుంది.

దవడ పన్ను పుచ్చింది. లవంగ నూనెతో నెట్టుకొచ్చాను, ఒకవైపే నమలడం నేర్చుకున్నాను. సంక్రాంతికి స్నేహితులింట్లో సకినం కొరికితే పటుక్కుమంది. మర్నాటికి చెంప బూరెలా ఉబ్బింది. ఇక తప్పక వెళ్లాను. కుర్చీ వెనక్కి వాలింది, దీపం కళ్లలో పడింది, పక్కగదిలో డ్రిల్లు గుయ్యిమంది, అంతే! ఆఫీసు నుంచి అర్జెంటు ఫోనని అబద్ధమాడి, లేచి, కారెక్కి, ఇంట్లో వచ్చి పడ్డాను. "మెడలో ఆ గుడ్డేమిటండీ?" అంది మా ఆవిడ.

అప్పుడు నిజం చెప్పాను. తనే క్లినిక్‌కి ఫోన్ చేసి "మా ఆయనకి భయం" అంది. అవతల ఎవరూ నవ్వలేదు. వాళ్లు రోజూ వినే మాటే అది. మూడు దారులు చెప్పారు: ముక్కుకి మాస్కు పెట్టి ఇచ్చే నైట్రస్ ఆక్సైడ్, ముందుగా వేసుకునే మాత్ర, నరానికి ఎక్కించే మందు. గ్యాస్ ఆపి ఆక్సిజన్ ఇస్తే కాసేపట్లోనే తేరుకుంటాం. మిగతా రెండింటికీ ఇంటికి తీసుకెళ్లే మనిషి ఉండాలి. ఏది తీసుకున్నా చిగురుకి సూది తప్పదు. గ్యాస్ బెదురు తగ్గిస్తుంది, నొప్పి సంగతి సూది చూసుకుంటుంది. వాడే మందులు, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉంటే అదీ, దాచకుండా చెప్పాలి.

ఈ గ్యాస్‌ని పంటి వైద్యానికి తెచ్చింది కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్ దంతవైద్యుడు హోరేస్ వెల్స్. 1844 డిసెంబరు 10న ఒక వినోద ప్రదర్శనలో గ్యాస్ పీల్చినవాడి కాలికి దెబ్బ తగిలినా నొప్పి తెలియకపోవడం ఆయన చూశాడు. మర్నాడే తాను గ్యాస్ పీల్చి, జాన్ రిగ్స్ అనే తోటి దంతవైద్యుడి చేత తన పన్నే పీకించుకున్నాడు. 1845లో బోస్టన్‌లో అందరి ముందూ చేసి చూపిస్తే రోగి అరిచాడు, చూసినవాళ్లు హేళన చేశారు. 1848లో ఆయన చనిపోయాడు. 1864లో గానీ అమెరికన్ డెంటల్ అసోసియేషన్ ఆయన ఘనతని ఒప్పుకోలేదు. నలుగురూ నవ్విన మనిషి తెచ్చినదాన్ని, నలుగురు నవ్వుతారేమోనని నేను అడగనే లేదు.

మళ్లీ వెళ్లి గ్యాస్‌నే ఎంచుకున్నాను. మాస్కు పెట్టాక డ్రిల్లు మోత వినబడుతూనే ఉంది. కానీ కుర్చీ చేతుల్ని పట్టుకున్న నా వేళ్లు వాటంతటవే వదులయ్యాయి. చిన్న ఫిల్లింగుతో పోయేది రూట్ కెనాల్, క్రౌన్ దాకా వచ్చింది, బిల్లూ అంతే పెరిగింది. పన్ను మాత్రం దక్కింది. మీ పన్నూ సలుపుతుంటే ఇవాళే ఫోన్ చేయండి. పేరు చెప్పగానే, భయమని కూడా చెప్పండి.