తేమ తెలిసిన వేళ్లు

గుంటూరు మిర్చి యార్డులో మగాడి వేళ్లకున్న తెలివి అంతా ఇంతా కాదు. టిక్కీలో, అంటే మిర్చి బస్తాలో, చెయ్యి పెట్టి, నాలుగు కాయలు తీసి నలిపి, తేమ ఎంతుందో చెప్పేస్తాడు. తేజ రకమేదో, బాడిగ రకమేదో, తాలుకాయ ఎక్కడ కలిసిందో ఇట్టే పట్టేస్తాడు. అదే మనిషి ఒళ్లో చంటిది పోసుకుంటే పావుగంటదాకా తెలుసుకోడు. తెలిశాక, ‘ఇదుగో, దీన్నెత్తుకో’ అని వంటింటివైపు కేకేస్తాడు. అదేమంటే, ‘ఆడోళ్లకి పుట్టుకతో వచ్చే విద్యండీ, మనకెక్కడొస్తది?’ అంటాడు.

పుట్టుకతోనట! కల్లంలో కాయ ఆరబోసిన రాత్రి నాలుగు చినుకులు రాలితే పట్టాలు పట్టుకుని పరిగెత్తే విద్య మరి ఈయనకు ఎవరు నేర్పారో! ఆ చినుకు చప్పుడుకు లేచే చెవికి పక్కమంచంలో గుక్కపట్టిన బిడ్డ మాత్రం వినపడదు. నారు మీద ఎండ పడకుండా షేడ్‌నెట్ కడతాడు, ఆకు తిరగేసి పురుగు వెతుకుతాడు. బిడ్డ వీపు మీది చెమటకాయలు చూడ్డానికి వాళ్లమ్మ ఉంది.

ఆచారం కూడా ఆయనకు తగ్గట్టే కుదిరింది. తొలికాన్పు పుట్టింట్లో, పురిటి చాకిరీ అత్తగారిది. అల్లుడు మిఠాయి పొట్లంతో చుట్టపుచూపుగా వచ్చి, కాఫీ తాగి, ముక్కు ఎవరి పోలికో తేల్చి వెళ్తాడు. బారసాల నాడు బియ్యంలో ఉంగరంతో పేరు రాస్తాడు, ఫొటోలు దిగుతాడు. మళ్లీ ఆయన రాసేది బడిలో వేసేనాడు, తండ్రి సంతకం గడిలో.

తండ్రులంతా ఇంతే అనుకోకండి. దుమ్ముగూడెం మిషనరీ జాన్ కెయిన్ 1874లో ఎరుకల తండ్రి గురించి రాశాడు. భార్యకు నొప్పులు మొదలవగానే ఆమె బట్టలు కట్టుకుని, బొట్టు పెట్టుకుని, చీకటిగదిలో ముసుగుతన్ని పడుకునేవాడట. పుట్టిన బిడ్డను అతని పక్కలోనే వేసేవారట, ఇంగువా బెల్లమూ అతనికేనట. చదివి మనవాళ్లు పడీపడీ నవ్వుతారు. నవ్వండి. బిడ్డ పక్కన పడుకున్నాడుగా! మధ్య ఆఫ్రికా అడవుల్లో వలలతో వేటాడే ఆకా తండ్రులు రోజులో దాదాపు సగం సేపు బిడ్డకు చేతికందే దూరంలోనే ఉంటారని మానవశాస్త్రవేత్త బారీ హ్యూలెట్ లెక్కగట్టాడు. చేతులు వాళ్లకూ రెండే.

మనవాడికి చట్టం కూడా అండగా నిలిచింది. ఉపాధి పనికి వచ్చిన తల్లుల వెంట ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురుంటే, వాళ్లను చూసేందుకు ఆ ఆడవాళ్లలోనే ఒకరిని పెట్టమంది 2005 నాటి ఉపాధి హామీ చట్టం. పక్కనే మట్టి తవ్వే తండ్రి దానికి ఆనలేదు. మిరప కోతల్లో ఆ మాత్రమూ లేదు. గట్టున వేపచెట్టుకు చీర ఉయ్యాల కట్టి సాళ్లలోకి దిగాల్సిందే. కారం చేతులతో పసిపిల్లను ముట్టుకోకూడదని తండ్రికీ తెలుసు. అందుకే తల్లి చేతులు కడుక్కుని వచ్చేదాకా, ఏడుస్తున్న ఉయ్యాల పక్కన ఎంతో ఓపిగ్గా నిలబడతాడు.

ఇప్పుడు ఆంధ్ర సర్కారువారికి పిల్లలు చాలడం లేదు. ఇద్దరికి మించి ఉంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న నిబంధనను 2024లో ఎత్తేశారు, ఇంకా కనమని ముఖ్యమంత్రే పిలుపునిచ్చారు. టీకొట్టు దగ్గర ఈ పిలుపుకు మొదట చెయ్యెత్తింది మనవాడే. ‘కందాం, తప్పేముంది? దేశసేవ!’ అన్నాడు.

మూడోదానికి లాల పోసేదెవరని అడిగాను.

‘మా అమ్మ ఉందిగా!’