అష్టపాద విజయం

కావ్యానికి ముందు పురవర్ణన ఉండాలంటారు గనక అక్కణ్ణుంచే ఎత్తుకుంటాను. మా పెరటి మామిడికి ఆగ్నేయపు కొమ్మన ఆకుపచ్చ మేడల నగరం ఒకటుంది. ఎర్రచీమలు ఒకదాని నడుము ఒకటి కరిచి గొలుసుకట్టి ఆకుల అంచుల్ని దగ్గరికి లాగుతాయి. మరి కుట్టడానికి దారం? పెద్ద చీమలకు పట్టు రాదు. పసిపురుగుల్ని నోట కరుచుకుని నేతగాడి నాడెలా అటూ ఇటూ ఆడిస్తాయి. దారం ఆ పసివాళ్ల నోట్లోంచి వస్తుంది. మయసభ కట్టినవాడికి ఈ సదుపాయం లేదు.

ఇక నాయకుడు. బనియనుధారి, భూతద్దపాణి, చెవిసందున పెన్సిలు. నేనే.

ఆ సేనలో ఒక భటుడి వాలకం తేడాగా ఉంది. అదే ఎరుపు, అదే సన్న నడుము, తలకు రెండు పక్కలా కళ్లలాంటి నల్లమచ్చలు, ఆడించే మీసాలు. కానీ బారులో కలవడు, ఎవరైనా ఎదురొస్తే పక్కకు తప్పుకుంటాడు. విరాటుడి కొలువులో వలలుడు!

వేషం బయటపడాలంటే కాళ్లు లెక్కపెట్టాలి. తొలి దండయాత్రలో ఆరు తేలాయి. మలిసారి ఏడు, అది ఏ శాస్త్రమూ ఒప్పని లెక్క.

"ఏరా, సెలవు పెట్టింది చీమల కాళ్లు లెక్కెయ్యడానికా?" అమ్మమ్మ.

"ఎనిమిదుంటే అది చీమే కాదే అమ్మమ్మా!"

"ముందు నీ కాళ్లు చూసుకో."

అప్పటికే శత్రుసేన మడమలెక్కింది. కరవడమే కాదు, కరిచిన చోట పుల్లటి మంట చిమ్మడం ఆ వంశాచారం. నేను చేసిన తాండవానికి కొమ్మ ఊగింది. వలలుడు గభాల్న జారి, సన్నటి దారం పట్టుకుని గాల్లో వేలాడాడు.

దారం! ఎదిగిన చీమకు దారమెక్కడిది? అలా వేలాడుతుండగా లెక్క తేలింది. ఎనిమిది. మీసాలనుకున్నవి పైకెత్తిన ముందుకాళ్లు. చీమ వేషంలో ఉన్న గెంతుడు సాలీడు. 1869లో పికార్డ్-కేంబ్రిడ్జ్ అనే ఇంగ్లండు మతగురువు లోకానికి పరిచయం చేసినవాడు. ఇప్పటి బిరుదు మిర్మాప్లాటా ప్లాటలియోయిడిస్. పద్యంలో ఇరికించడం నా వల్ల కాలేదు.

విజయగర్వంతో పుస్తకం తిరగేస్తే ఈ జాతి మగవాడి దవడలు ముందుకు బారుగా సాగి, మరో చీమను మోసుకెళ్తున్నట్టుంటాయని ఉంది. గుండె గతుక్కుమంది. నిరుటి నోటుపుస్తకం వెతికి తీశాను. నా దస్తూరీయే: "చీమ చీమను మోసుకుపోతోంది. ఆహా, సోదరప్రేమ!"

దాని పక్కన పెన్సిలుతో ఒక ప్రశ్నార్థకం పెట్టి, మడమలకు కొబ్బరినూనె రాసుకున్నాను.