ముప్పావు పాయింటు

బాగేపల్లి దాటి కొడికొండ చెక్‌పోస్టు చేరేలోపు పెట్రోలు ధర పెరుగుతుందని ఆ దారిన తిరిగే డ్రైవర్లందరికీ తెలుసు. అదే కర్ణాటక-ఆంధ్ర సరిహద్దు గీత దాటితే డిగ్రీ శాతం కూడా పెరుగుతుందని మాత్రం ఎవరూ బోర్డు పెట్టలేదు. చిక్కబళ్ళాపురంలో ఇంజనీరింగు చదివి సీజీపీఏ 8 తెచ్చుకున్నారనుకోండి. విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం 2018 స్కీము ప్రకారం అందులోంచి 0.75 తీసేసి పదితో హెచ్చవేయాలి. వచ్చేది 72.5 శాతం. అనంతపురం జేఎన్‌టీయూ కింద చదివితే ఆర్20 నిబంధనల ప్రకారం తీసేది అర పాయింటే, కాబట్టి 75. ఈ సరిహద్దు దగ్గరి చింతామణి పిల్లలకు ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడ, పరీక్షలో ఇంగ్లీషు. మూడింట్లోనూ ఎనిమిది ఎనిమిదే గానీ, శాతంలోకి దిగేసరికి ఏ రాష్ట్రపు ఎనిమిదని అడుగుతారు.

కోతకు కారణమే లేదంటే అన్యాయం. 80 నుంచి 89 దాకా ఎన్నొచ్చినా గ్రేడు పాయింటు 9. దాన్ని పదితో హెచ్చిస్తే 90, అంటే ఆ మెట్టు మీద ఎవరికీ రాని మార్కు. మెట్టు నడిమి మార్కు 84.5 గనక, తీసేయాల్సింది అర పాయింటు, పైన పిసరంత. అనంతపురం వాళ్ళ లెక్క కుదిరింది. ముప్పావు తీయాలంటే మాత్రం పిల్లలంతా 80 దాటగానే పుస్తకం మూసేశారని నమ్మాలి. (ఆ అనుమానం బొత్తిగా నిరాధారమని నేననను.) ఫలితం చూడండి: అన్నిటా 80 వచ్చినవాడికీ, అన్నిటా 89 వచ్చినవాడికీ 82.5 శాతమే. మొదటివాడికి రెండున్నర లాభం, రెండోవాడికి ఆరున్నర నష్టం. అన్నిటా నూటికి నూరు తెచ్చుకున్న మహానుభావుడికి 92.5. విశ్వవిద్యాలయానికి పేరిచ్చిన విశ్వేశ్వరయ్యగారు చిక్కబళ్ళాపురం పక్కనున్న ముద్దేనహళ్ళిలోనే పుట్టారు. ఆయనే వచ్చి ఆ స్కీములో పరీక్ష రాసినా ఆ ఏడున్నర చేతికి రాదు.

ఒక్కో మార్కు కోసం కొట్టుకునే పిచ్చి తగ్గించడానికే గ్రేడ్లు పెట్టారు కదా అంటారు. పిచ్చి తగ్గలేదు, 89 దగ్గరా 79 దగ్గరా కాపు కాసింది. అక్కడ ఒక్క మార్కు ఇప్పుడు పది మార్కుల పెట్టు. ఇది కర్ణాటక కనిపెట్టిన వింత కాదు, సీబీఎస్ఈ కూడా పదో తరగతి పాయింట్లను 9.5తో హెచ్చించమంది అంటే, నిజమే. ఏఐసీటీఈ పట్టికలోనూ 6.25కి 55 శాతమే, ముప్పావు లెక్కే. అందరూ తలో సూత్రం పట్టుకున్నా, ఉద్యోగం ఫారంలో గడి మాత్రం ఒకటే: కనీసం 60 శాతం. సీజీపీఏ 6.5 ఉన్న అనంతపురం కుర్రాడు సరిగ్గా 60తో లోపలికి పోతాడు. అదే 6.5తో 2018 స్కీములో చదివిన చిక్కబళ్ళాపురం కుర్రాడు 57.5 దగ్గర గేటు బయటే ఆగుతాడు. ఫలితాల్లో ఇంటర్నల్స్, ఎక్స్‌టర్నల్ మార్కులు వేరువేరుగా వేస్తూనే ఉన్నారు. వాటిని కూడి భాగిస్తే శాతం వస్తుంది. ఐదో తరగతి లెక్కే. కాకపోతే దానికి సర్క్యులరు అక్కర్లేదు.