జీర్ణోద్ధారకుడు

పాడుపడిన దేవాలయమును బాగుచేయించువానిని లోకము ధర్మాత్ముడని కొనియాడును. పాడుపడిన రేడియోను బాగుచేయువానిని ఇంటివారు సైతము కొనియాడరు. ఈ పక్షపాతమును లెక్కచేయక, గణితోపాధ్యాయ పదవినుండి విరమించి నరసరావుపేటలో పింఛను పుచ్చుకొనుచు సుఖముగా కూర్చుండవలసిన వయస్సున, మా మేనమామ రెండవ తెగలో చేరెను. ఇట్టివారు ప్రతి బంధువర్గమునందును ఒకరైన నుందురు. ఒకరికి గోడగడియారము, ఒకరికి గ్రామఫోను, ఒకరికి లాంబ్రెట్టా స్కూటరు. అమెరికాలో నైనచో నాణెము వేసి ఆడు పిన్‌బాల్ యంత్రము. వస్తువు మారునే గాని జాతి యొక్కటియే.

ఈ జాతివానిని గుర్తించుట సులభము. ఎవరి యింటికి పోయినను ఆయన కుతూహలము మనుష్యులపై గాక అటకపై నుండును. పెండ్లిచూపులకు పెద్దదిక్కుగా వచ్చిన మామయ్య, తక్కినవారందరును పిల్లవంక చూచుచుండగా తాను మాత్రము తలయెత్తి పైనున్న గోనెపట్టా మూటను చూచుచు, "అందులో ఏముందండీ?" అని యడిగి, కుదరవచ్చిన సంబంధమును సందేహమున పడవేసెను. గురజాలలో దూరపు బంధువు పెద్దకర్మకు పోయినప్పుడు పరామర్శ వాక్యములు రెండు పలికి, మూడవ వాక్యముగా అటకమీది రేడియోను అడిగి పుచ్చుకొనెను. తిరుగు ప్రయాణమున దానికి వేరుగా టికెట్టు తీసి, కిటికీ ప్రక్క సీటున కూర్చుండబెట్టి, పిడుగురాళ్ల మీదుగా నరసరావుపేట దాక తాను నిలుచుండియే వచ్చెను.

అది ఫిలిప్స్ వారి అయిదు వాల్వుల సెట్టు. మూట విప్పగా ఎలుకలు కొరికిన దూదియు, బల్లిగుడ్ల పెంకులును, వానితోపాటు తపాలా కార్యాలయమువారి రేడియో లైసెన్సు పుస్తకమును బయటపడినవి. సొంతయింట సొంత రేడియో వినుటకు సర్కారునకు ఏటా 15 రూపాయలు కట్టిన దినములను ఎరిగినవాడగుటచే, 1980ల నడుమ రద్దయిపోయిన ఆ లైసెన్సును మామయ్య పింఛను కాగితములతో కలిపి బీరువాలో భద్రపరచెను. "రేపెవడన్నా వచ్చి అడిగితే?" అన్నది ఆయన వాదము.

మరునాటినుండి ఆ యింట కొత్త చుట్టములు వెలసిరి. గాలిలోని తరంగమును పట్టి మలచునది ఈసీహెచ్ 81. దానిని బలపరచునది ఈఎఫ్ 89. అందలి మాటను వేరుచేయునది ఈబీసీ 81. ఆ మాటకు గొంతు నిచ్చునది ఈఎల్ 84. వీరందరికి పనికివచ్చునట్లు ఇంటి కరెంటును ఏకముఖము చేయునది ఈజెడ్ 80. మనుమలను పిలుచునపుడు ఒకరి పేరు ఒకరికి పెట్టు మామయ్య, ఈ అయిదు వాల్వుల పేర్లను మాత్రము నిద్రలో నడిగినను తడబడక చెప్పును.

"ప్లగ్గు పెట్టి చూస్తే తెలియదా?" అని యెవరైన అడిగితిరా, ఆ పూటకు వారి పనులు ఆగినట్లే. ఏండ్ల తరబడి ఎండిపోయిన కండెన్సర్లకు కరెంటు ఒక్కుమ్మడిగా తగిలిన, అవి ప్రేలుటయో, ట్రాన్స్‌ఫార్మరు కాలుటయో జరుగును గనుక, సెట్టుతో వరుసలో ఒక తీగబల్బును కలిపి, అది భగ్గున వెలిగిన లోపల షార్టున్నదనియు, మందముగా ఎఱ్ఱబారిన భయము లేదనియు గ్రహింపవలెనట. ఎల్ఈడీ బల్బు ఇందులకు పనికిరాదు. ఇల్లెల్ల గాలింపగా తీగబల్బు పూజగదిలో నొక్కటి మిగిలియుండెను. నాటినుండి అత్తయ్య విష్ణుసహస్రనామము చీకటిలో చదువుచున్నది.

విద్యుత్తు ఆపివేసినను కండెన్సరు నందు రెండువందల పైచిలుకు వోల్టులు నిలిచియుండవచ్చును గావున, ఒక చేయి జేబులో నుంచుకొని రెండవచేతితోనే పనిచేయవలెనని పాత మెకానిక్కుల నియమము. మామయ్య కట్టునది పంచె; పంచెకు జేబుండదు. నియమభంగము చేయనొల్లక ఆయన ఎడమచేతిని వీపువెనుక నుంచుకొని పనిచేయును. దారిన పోవుచు పలుకరింపవచ్చిన పూర్వవిద్యార్థులు, వారిలో ఇద్దరు ముగ్గురు తాతలైనవారును, ఆ వెనుకచేతిలో బెత్తమున్నదేమోయని గుమ్మముకడనే ఆగిపోవుదురు.

రెంటచింతల యెండలు పత్రికల కెక్కు మే మాసమున, ఫ్యాను గాలికి సోల్డరింగు మొన చల్లబడునని ఆయన హాలులో ఫ్యాను ఆపించెను. అత్తయ్య విసనకఱ్ఱ చేతబట్టి, "ముందు ఆ మిక్సీ సంగతి చూడండి, రోట్లో పచ్చడి నూరలేక చస్తన్నా" అని మొరపెట్టుకొనగా, "మిక్సీలో బాగుచెయ్యటానికి ఏముందే? కాలితే కొత్తది కొనుక్కోటమే" అని సెలవిచ్చెను. క్రొత్తవస్తువు చెడిపోయిన అది దాని కర్మ; పాతవస్తువు చెడిపోయిన అది మన బాధ్యత. ఈ జాతివారి ధర్మశాస్త్రమంతయు ఈ రెండు సూత్రములే.

కూతురి పెండ్లిచీరలకు హైదరాబాదు పోయినపుడు, "ఇప్పుడే వస్తా"నని చెప్పి అంగడి మెట్లు దిగిన మామయ్య, కోఠీలోని గుజరాతీ గల్లీలో కండెన్సర్లు ఏరుకొనుచుండగా సాయంకాలము పట్టుబడెను. చీరల ధర విని గుండె పట్టుకొనిన మనిషి, వాల్వు ధర విని మారుమాట లేక చెల్లించెనని పెండ్లికూతురు నేటికిని చెప్పుకొనును. అత్తయ్యయు ఒకనాడు మనస్సు కరిగి, సహాయము చేయ నెంచి, డయలు గాజును సబ్బునీటితో శుభ్రముగా కడిగెను. గాజు తళతళలాడెను గాని, దానిపై రంగుతో అచ్చువేసిన ఊరిపేర్లు సగము కొట్టుకొనిపోయెను. లండను పోయినందుకు మామయ్య అంతగా విచారింపలేదు. కొలంబో పోయినందుకు మాత్రము ఆ పూట అన్నము ముట్టలేదు. రేడియో సిలోనులో మీనాక్షీ పొన్నుదురై కంఠమున తెలుగుపాటల కార్యక్రమము విని పెరిగినవారికి గాని ఆ దుఃఖము తెలియదు.

తుదకు సెట్టు పలికినది. కారెంపూడిలో పల్నాటి వీరుల ఉత్సవములు జరుగు దినములలో, వీర్లగుడి యందు ఆయుధములకు పూజ లందుచుండగా, ఇచట సోల్డరింగు కడ్డీకి పసుపు కుంకుమ లంటించి మామయ్య స్విచ్చి నొక్కెను. వాల్వులు వేడెక్కు వఱకు ఎవరును ఊపిరి విడువలేదు. 1948 డిసెంబరు 1న పుట్టిన విజయవాడ కేంద్రము, 837 కిలోహెర్ట్జుల మీద, గంభీరమైన కంఠముతో ప్రాంతీయ వార్తలు చెప్పసాగెను. మామయ్య కన్నులు తుడుచుకొనెను. పరిహాసము చేయుటకే వచ్చిన నేనును నోరు మెదపలేకపోతిని.

ఇంతటితో కథ ముగిసినదని మేమనుకొంటిమి. అసలు కథ అపుడే మొదలైనది. వార్తల వెనుక ఏదో గురగుర. సెట్టులో లోపము లేదు. లోపము లోకమున నున్నది. ఎల్ఈడీ దీపములందును ఫోను చార్జర్లందును కరెంటును సెకనుకు వేలమార్లు కోయు చిన్న వలయము లుండును. ఆ కోత మీడియం వేవు నందు గురగురయై వినబడును. ఇది తెలిసిన క్షణమునుండి మామయ్య రేడియోను విడిచి వీధిని బాగుచేయ నారంభించెను. ఉదయము వార్తల వేళకు ఇంటింటికి పోయి, "ఒరేయ్ అబ్బాయ్, అది దీపం కాదురా, ట్రాన్స్‌మీటరు! ఓ పది నిమిషాలు ఆర్పరా" అని బతిమాలును. పల్నాటి యుద్ధము కోడిపందెముతో రాజుకొనెనందురు. మా మామయ్య వీధిలో అది ఎదురింటి వసారాలోని బల్బుతో రాజుకొన్నది.

ఒకనాడు సరిగా వార్తల వేళకు ఊరంతయు కరెంటు పోయెను. దీపము లేదు, చార్జరు లేదు, గురగుర లేదు. మామయ్య ఆశించిన నిర్మల నిశ్శబ్దము నరసరావుపేట నంతటిని ఆవరించినది. కరెంటు లేనిదే పలుకదు గనుక రేడియోయు ఆ నిశ్శబ్దమున కలిసిపోయెను. ఆ లోపమును పూరించుటకై ఆయన పింఛను బకాయితో ఇన్వర్టరు కొనెను. దాని గురగుర ముందు వీధి దీపములన్నియు కలిసినను దిగదుడుపే.

వస్తువును బాగుచేయుట ఈ జాతివారికి తొలిమెట్టు మాత్రమే. బాగుపడిన వస్తువునకు తగినట్లు ఇంటిని, వీధిని, కాలమును బాగుచేయుట వారి అసలు వ్యాపకము. కావున పాఠకులారా, ఏ వృద్ధుడైన ఎడమచేయి వీపువెనుక నుంచుకొని మీ గుమ్మముకడ నిలిచి, పది నిమిషములు దీపము ఆర్పుమని యడిగినచో వెంటనే ఆర్పివేయుడు. కారణ మడుగకుడు, అడిగితిరా, ఈసీహెచ్ 81 తో మొదలిడును.