పార్ట్ టూలో చూసుకుందాం

మా వంటింటి నల్లా కారుతోంది. ఎప్పటి నుంచి అంటే తారీఖు చెప్పలేను గానీ, ‘కల్కి 2898 ఏడీ’ విడుదల మొదటిసారి వాయిదా పడ్డప్పటికే కారుతోందని మా ఆవిడ సాక్ష్యం. ఆమెకు సినిమాల మీద పెద్ద పట్టింపు లేదు. కానీ మా ఇంట్లో కాలాన్ని కొలవడానికి వేరే పంచాంగం లేదు.

ఆ సినిమా 2024 జనవరి 12న వస్తుందన్నారు. “సంక్రాంతికి సినిమా చూసొచ్చి నల్లా సంగతి చూస్తా” అన్నాను. తర్వాత మే 9 అన్నారు. వైజయంతీ మూవీస్‌కు అది కలిసొచ్చిన తారీఖు. 1990లో ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’, 2018లో ‘మహానటి’ ఆ రోజునే వచ్చాయి. అంత మంచి రోజుకు ముందు నల్లా విప్పడం ఎందుకని ఆగాను. ఎన్నికలొచ్చాయి, సినిమా జూన్ 27కు జరిగింది. నల్లా కూడా దాంతోపాటే జరిగింది. జూన్ 27న సినిమా మాట నిలబెట్టుకుంది. నేను తెల్లవారుజామున అయిదున్నర ఆటకు పోయి వచ్చి, నిద్ర చాలలేదని పడుకున్నాను.

మేముండేది మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ నడుమ. ఔటర్ రింగ్ రోడ్డు లెక్కలో మేడ్చల్ ఆరో నంబరు ఎగ్జిట్, శామీర్‌పేట ఏడు. ఏ నంబరులోనూ దిగని బతుకు మాది. మేడ మీదికెక్కితే ఎదురుగా గేటెడ్ కమ్యూనిటీ టవర్లు, వాటి నడుమ నీలంగా ఈత కొలను కనిపిస్తాయి. కింద మా గల్లీలో బిందెలు, ట్యాంకరు పైపులు. సినిమాలో ఎండిపోయిన కాశీ మీద బోర్లించిన పిరమిడ్‌లా కాంప్లెక్స్ వేలాడుతూ, ఉన్న నీళ్లూ పచ్చదనమూ అంతా పైకి లాక్కుంటుంది కదా. “నాగ్ అశ్విన్ మన మేడెక్కి చూసే కథ రాసిండు” అని చాయ్ హోటల్లో నేను చెప్పినప్పుడు ఎవరూ కాదనలేదు. ఇంట్లో చెప్పినప్పుడు మాత్రం మా ఆవిడ “గట్లనే మేడ మీద ట్యాంకు మూత కూడా చూసి రాకపోయిండ్రా?” అంది. మూత పగిలి అప్పటికి ఏడాది.

సినిమా కథ ఆమెకు చెప్పబోయి మొదట్లోనే దెబ్బతిన్నాను. హీరో భైరవ కాంప్లెక్స్‌లోకి పోవాలంటే పది లక్షల యూనిట్లు కావాలన్నాను. ఆమె వంట ఆపి నా వైపు తిరిగింది. “పది లక్షల యూనిట్లా? ఎన్ని ఏసీలు నడిపిండు?” అక్కడ యూనిట్లంటే పైసలని చెప్పాను. “ఈడా అంతే గదా” అంది. ఆ నెల కరెంటు బిల్లు నేనింకా కట్టలేదు.

మా చర్చావేదిక మేడ్చల్‌లో ఓ చాయ్ హోటలు బయట నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. సభ్యులం నలుగురం. రిటైరైన కండక్టరన్న ఒకరు. ఇన్నేళ్లు టికెట్లు కోసిన చెయ్యి గనుక వసూళ్ల లెక్కలన్నీ ఆయనవే. రెండోవాడు తుర్కపల్లి జీనోమ్ వ్యాలీలో ఏదో టీకాల కంపెనీలో షిఫ్టు చేసే తమ్ముడు. సినిమాలో సుప్రీమ్ యాస్కిన్ గర్భిణుల నుంచి సీరం తీయిస్తాడు గనుక, సీరం మాటొస్తే వాడిదే తుది తీర్పు. వాడు చేసేది అట్టపెట్టెలు ప్యాక్ చేసే పనని మాకందరికీ తెలుసు. అయినా వాడు “ఒక్క చుక్క చాలన్నా” అంటే నిశ్శబ్దంగా వింటాం. మూడోవాడు ప్లాట్లమ్మే అన్న. ఆయనకు సినిమా మొత్తంలో నచ్చింది శంబాలా. “ఎవ్వనికీ దారి తెల్వని జాగకు గింత డిమాండా? నేను తూముకుంట అవతల అమ్మలేక సస్తున్న” అంటాడు. నాలుగోవాణ్ని నేను. నాకు ఏ నైపుణ్యమూ లేదు గనుక అధ్యక్షుణ్ని.

వసూళ్లు వెయ్యి కోట్లు దాటాయని నిర్మాతలు పోస్టరు వేసిన రోజు అధ్యక్ష హోదాలో అందరికీ నేనే చాయ్ ఇప్పించాను, ఉస్మానియా బిస్కెట్లతో సహా. ఇంటికొచ్చి గర్వంగా చెప్పాను. “వెయ్యి కోట్లొచ్చింది వాళ్లకు. చాయ్ పైసలు మీయా?” అంది మా ఆవిడ. ఆర్థికశాస్త్రం ఇంత క్లుప్తంగా నాకెవరూ బోధించలేదు.

నా స్కూటరుకు సినిమాలో భైరవ కారు పేరే, బుజ్జి అని పెట్టుకున్నాను. అసలు బుజ్జి బరువు ఆరు టన్నులు, ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. మహీంద్రా వాళ్లూ కోయంబత్తూరు జయెం ఆటోమోటివ్స్ వాళ్లూ కలిసి నిజంగా రోడ్డు మీద నడిచేలా తయారు చేశారు. గొంతు కీర్తి సురేశ్‌ది. నా బుజ్జికి రెండే చక్రాలు. కానీ అదీ మాట్లాడుతుంది. గొంతు వెనక సీట్లో కూర్చున్న మా ఆవిడది. “గుంత ఉన్నది. గుంత ఉన్నదంటున్న. అయిపాయె, పడ్డరు.”

ఇక అసలు నేరానికి వస్తాను.

ఓ ఆదివారం మా అమ్మా ఆవిడా కలిసి శామీర్‌పేట చెరువు దగ్గర కట్టమైసమ్మ గుడికి బయల్దేరారు. పోతూ పోతూ ఒక్కటే పని అప్పజెప్పారు. “మోటరు ఏసిన. ట్యాంకు నిండంగనే బంద్ చెయ్యుండ్రి.” నిండడానికి నలభై నిమిషాలు పడుతుంది. ఒక చాయ్ తాగొస్తే సరిపోతుందనుకున్నాను.

ఆ రోజు సభ ఎజెండా చాలా గట్టిది. మొదటి భాగం చివర్లో భైరవ కర్ణుడని తేలింది, యాస్కిన్ గాండీవం ఎత్తాడు. మరి రెండో భాగంలో అశ్వత్థామ ఎవరి పక్షం? పాత స్నేహమా, కొత్త ధర్మమా? యాస్కిన్‌గా కమల్ హాసన్ మొదటి భాగంలో కనిపించింది కొద్దిసేపే, రెండో దాంట్లో ఎంతసేపు? కండక్టరన్న ఒక మాటన్నాడు, ప్లాట్లన్న దానికి అడ్డం పడ్డాడు, రెండో చాయ్ వచ్చింది. నేను లేచి నిలబడి, భవిష్యత్తులో గంగ ఎండిపోతే మనిషికి నీటి విలువ ఎలా తెలుస్తుందో దర్శకుడు ఎంత గొప్పగా చూపించాడో చెబుతున్నాను. చేతులూపుతూ చెబుతున్నాను. జేబులో ఫోను మోగుతూనే ఉంది.

రెండు గంటల తర్వాత గల్లీ మొదట్లోకి రాగానే బుజ్జి చక్రాలు తడిశాయి. వాన పడిందేమో అనుకున్నాను. ముందుకెళ్తే పిల్లలు కాగితం పడవలు వదులుతున్నారు. ఎదురింటి పెద్దమ్మ అరుగు మీద కూర్చుని, చీర కుచ్చెళ్లు పైకి పట్టుకుని, “గంగమ్మ మీ ఇంట్లకెళ్లే వస్తున్నది కొడుకా” అంది. మూతలేని ట్యాంకు నుంచి నీళ్లు గోడ వెంబడి జలపాతంలా దూకుతున్నాయి. టవర్ల బాల్కనీలో ఎవరో నిలబడి చూస్తున్నారు. ఆ క్షణాన మా గల్లీ కాశీ, వాళ్లది కాంప్లెక్స్ అన్న నా సిద్ధాంతం కూడా కొట్టుకుపోయింది. కాశీని ఎండబెట్టినవాణ్ని నేనే.

సాయంత్రం విచారణ జరిగింది. నేను సమర్థించుకోబోయి లెక్కల్లోకి దిగాను. “ఆ సినిమా ఊరికే తీసింది కాదు. కలియుగం మొదలైంది క్రీస్తు పూర్వం 3102లో అంటారు. దానికి 2898 కలుపు. కచ్చితంగా 6000 ఏండ్లు. ఎంత ఆలోచన ఉందో చూడు” అన్నాను.

ఎనిమిదో తరగతి చదివే మావాడు పుస్తకంలోంచి తలెత్తాడు. “5999, డాడీ. క్రీస్తు పూర్వం 1 తర్వాత డైరెక్టుగా క్రీస్తు శకం 1 వస్తది. నడుమ సున్నా లేదు.”

ఏడాదిగా చాయ్ హోటల్లో చప్పట్లు కొట్టించుకున్న లెక్క అది. ఇంతలో పత్తి వత్తులు చేసుకుంటున్న మా అమ్మ అందుకుంది. బాగోతాలు చూసి, పురాణం విని పెరిగిన మనిషి. “అశ్వత్థామకు కిష్నుడు ఇచ్చిన శాపం మూడు వేల ఏండ్లే గదరా. గది ఎప్పుడో తీరిపాయె. ఇంక ఎందుకు తిరుగుతుండు?”

నా దగ్గర జవాబు లేదు. మూడు వేల ఏళ్లంటే యేసు పుట్టకముందే అయిపోవాలి. అశ్వత్థామగా అమితాబ్ బచ్చన్ అంతటివాడు అన్ని కట్లు కట్టుకుని మిగతా మూడు వేలు దేనికి తిరిగినట్టు?

“ఇంటికి పోతే నల్లా బాగుచెయ్యమంటరని” అంది మా ఆవిడ.

తర్వాత ఆమె నెమ్మదిగా ఒక్కొక్కటి లెక్కపెట్టింది. నల్లా, ట్యాంకు మూత, సగం రంగేసిన ముందు గోడ, ఒక రెక్కే ఉన్న అల్మార, తవ్వి వదిలేసిన తులసి గద్దె. “అన్నీ మొదటి భాగాలే. ఈ ఇంట్ల ఒక్కదానికన్న రెండో భాగం వచ్చిందా?” గ్యాసు ఎప్పుడు బుక్ చేశానో చెప్పమంది. చెప్పలేకపోయాను. ఆరు వేల ఏళ్లు లెక్కగట్టిన వాణ్ని, ముప్పై రోజులు లెక్కపెట్టలేకపోయాను.

ఇందులో నా తప్పు పూర్తిగా నాది కాదని చిన్న మనవి. 1991లో ‘ఆదిత్య 369’ వచ్చినప్పుడు నాకు పదేళ్లు. మా నాయిన సికింద్రాబాద్ తీసుకెళ్లి చూపించాడు. సింగీతం శ్రీనివాసరావు గారి టైమ్ మెషీన్ ఎక్కి బాలకృష్ణ కృష్ణదేవరాయల కొలువుకు పోయాడు, అక్కణ్నుంచి 2504కు పోయాడు. దాంట్లో మ్యూజియంలో వజ్రం దొంగతనం చూసి నేను మ్యూజియం చూపించమని ఏడ్చాను. “వచ్చే ఆదివారం సాలార్‌జంగ్ పోదాం” అన్నాడు నాయిన. ఆ ఆదివారం వచ్చేలోపు ఆయన పోయాడు, ఓ ఇరవై ఏళ్లు ఆగి. ఆ సినిమాకు రెండో భాగం ‘ఆదిత్య 999’ వస్తుందని అప్పట్నుంచీ వింటూనే ఉన్నాను. 2025 ఏప్రిల్‌లో పాత సినిమానే మళ్లీ విడుదల చేస్తే మావాణ్ని తీసుకెళ్లాను. వాడికి నచ్చింది. బయటికొచ్చి మ్యూజియం చూపించమన్నాడు. నా నోట్లోంచి ఏ మాట వచ్చిందో మీరు ఊహించగలరు. అదే సింగీతం గారు ‘కల్కి’కి మార్గదర్శకుడిగా ఉన్నారు. ఆ విద్య గురువు నుంచి శిష్యుడికి అందింది. మా ఇంట్లో వాయిదా అందింది.

ఆ ఏడాది సెప్టెంబరులో బాంబు పడింది. ‘కల్కి’ రెండో భాగంలో దీపికా పదుకొణె ఉండబోవడం లేదని వైజయంతీ వాళ్లు ప్రకటించారు. మా కుర్చీలు నాలుగూ కంపించాయి. కడుపులో కల్కిని మోస్తున్న సుమతే లేకపోతే కథ ఎట్లా? ఎవర్ని తెస్తారు? మొహం మారిందని ఏ కారణం చెబుతారు? టీకాల తమ్ముడు సీరం ప్రభావం వల్ల మొహం మారొచ్చని శాస్త్రీయంగా వివరించాడు. నేను ఆ దుఃఖంతోనే ఇంటికొచ్చి కూర్చున్నాను.

“ఏమైంది?” అంది మా ఆవిడ. చెప్పాను. నిర్మాతలు కారణం విడమరచి చెప్పలేదని, అప్పట్లో దీపిక ఎనిమిది గంటల పనివేళల మీద మాత్రం పత్రికల్లో పెద్ద చర్చ నడిచిందని కూడా చెప్పాను. ఆ ఒక్క ముక్క మింగేసి ఉంటే బాగుండేది.

“ఎనిమిది గంటలా?” అంది. చేతిలో గరిటె అట్లాగే ఆగింది. “నాకు ఇన్నేండ్ల సంది ఆ మాటే తోచకపాయె.”

మర్నాడు ఫ్రిజ్ మీద కాగితం కనిపించింది. అయస్కాంతం కింద, గుండ్రటి అక్షరాలతో. ‘అన్నీ ఆలోచించిన తర్వాత, ఆదివారం వంటలో నేను భాగం కావడం లేదని తెలియజేస్తున్నాను. మీ మిగతా ప్రాజెక్టులకు శుభాకాంక్షలు.’ కింద మా అమ్మ సంతకం కూడా ఉంది, సాక్షిగా.

ఆదివారం నేనే పప్పు వండాను. మావాడు తిని, “దీనికి సీక్వెల్ వద్దు డాడీ” అన్నాడు. తర్వాత గిన్నెలు కడగడానికి నిలబడ్డాను. ఇన్నాళ్లూ నల్లా కారుతోందని విన్నానే గానీ, దాని ముందు అరగంట నిలబడింది ఆ రోజే. చుక్క పడుతుంది. మన మాట మనం అనుకునేలోపు ఇంకోటి పడుతుంది. మోచేతి దగ్గర నుంచి జారి చొక్కాలోకి పోతుంది. సుప్రీమ్ యాస్కిన్ ఒక్క చుక్క కోసం లోకాన్నంతా పీడించాడు. మా ఇంట్లో ఒక మనిషి ఏడాదిన్నరకు పైగా చుక్కల కింద నిలబడి వంట చేసింది. నేను పక్క గదిలో కూర్చుని యాస్కిన్ ఎంత దుర్మార్గుడో చెబుతూ వచ్చాను.

చేతులు తుడుచుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా బుజ్జి తీసి, మేడ్చల్ రోడ్డులో హార్డ్‌వేర్ దుకాణానికి పోయాను. చాయ్ హోటల్ ముందు నుంచే పోయాను, కుర్చీల వైపు చూడలేదు. దుకాణం సేటు నన్ను గుర్తుపట్టాడు. “అన్నా, మీకైతే తెలుస్తది. పార్ట్ టూ ఎప్పుడంట? అశ్వత్థామ ఎవరి దిక్కు?”

నాలుక చివరికి వచ్చింది. మూడు వేల ఏళ్ల శాపం, సున్నా లేని లెక్క, మొత్తం వచ్చింది. మింగేశాను. “తెల్వదన్నా. నల్లా వాషరియ్యి” అన్నాను. పది రూపాయలిచ్చి, నా జీవితంలో మొదటిసారి ఆరు నిమిషాల్లో ఇంటికి తిరిగొచ్చాను. మా అమ్మ గోడ గడియారం చూసి, తర్వాత నన్ను చూసి, “పానం మంచిగున్నదా బిడ్డా?” అంది.

నల్లా విప్పాను. వాషరు పెట్టబోయాను. అది అర అంగుళం నల్లాది. మాది ముప్పావు. కొలత తీసుకుపోవాలని తోచలేదు.

మా ఆవిడ ఏమీ అనలేదు. విప్పిన నల్లా కింద బకెట్ పెట్టి, నా చేతిలోని వాషరు తీసుకుని, ఫ్రిజ్ మీది కాగితానికి అయస్కాంతంతో కలిపి తగిలించింది.

రేపు మళ్లీ పోవాలి. కొలత రాసి పెట్టుకున్నాను. ఎట్లాగూ పోతున్నాను గనుక, సేటుకు అశ్వత్థామ సంగతి కూడా చెప్పేస్తే ఓ పనైపోతుంది. పది నిమిషాలకంటే ఎక్కువ పట్టదు.