ఈశాన్యంలో మిరపకాయ

కంపెనీకి లోగో చెయ్యాలంటే ఏం కావాలి? ఒక కంప్యూటరు, అందులో డబ్బు కట్టని ఫోటోషాప్, దాని ముందు ఒక కుర్రాడు, వాడి వెనకాల నిలబడి తెరమీద వేలు పెట్టడానికి నలుగురు పెద్దలు. విజయవాడలో ఇరవై ఏళ్లుగా ఆ కుర్రాణ్ణి నేనే. జుట్టు నెరిసినా నా హోదా మారలేదు.

మొన్న ఒక పచ్చళ్ల కంపెనీ ఓనరుగారు వచ్చారు. "సింపుల్‌గా ఉండాలబ్బాయ్. ఐదు నిమిషాల పని" అన్నారు. ఆ సింపుల్‌లో ఏమేం ఉండాలో జేబులోంచి చీటీ తీసి చదివారు. జాడీ, మిరపకాయ, మామిడికాయ, ప్రకాశం బ్యారేజీ, అమెరికాకి సరుకు పంపుతారు గనక గ్లోబు, దాని చుట్టూ తిరిగే బాణం, చివరగా వాళ్ల అమ్మగారు. అమ్మగారిని గోడమీద ఫోటోకి వేసిన దండతో సహా సెల్‌లో తెచ్చారు. "దండ చెరిపెయ్. కాస్త నవ్వించు" అన్నారు. అంగుళం గుర్తులో ఇంత సంసారం నడపాలి.

వెంట సిద్ధాంతిగారు కూడా. నేను మిరపకాయని పైన కుడివైపు పెట్టాను. "ఈశాన్యంలో కారమా!" అని ఉలిక్కిపడ్డారు. ఆగ్నేయానికి దించాను. అక్కడున్న జాడీ బరువు గనక నైరుతికి జరిగింది. ఈశాన్యం ఖాళీగా ఉండాలి గనక బాణం పడమటికి తిరిగింది. అమెరికా ఎలాగూ అటేనన్నారు. పేరులో ఒక అక్షరం తగ్గిందని ఇంకో 'ఏ' తగిలించారు. అప్పుడు ఓనరుగారు అక్షరాలు ఉబ్బాలన్నారు, మెరవాలన్నారు, కింద నీడ పడాలన్నారు. పేరు నూనెలోంచి తీసిన పూరీల వరసలా తయారైంది.

డబ్బుల మాటెత్తితే సెల్ తీసి ఒక ఫార్వర్డ్ చూపించారు. 1971లో నైకీ గుర్తు గీసినందుకు కారొలిన్ డేవిడ్సన్ అనే విద్యార్థినికి ఇచ్చింది 35 డాలర్లేనట. నిజమే. 1983లో అదే కంపెనీ ఆమెని పిలిచి ఉంగరం పెట్టి, వాటాలు రాసిచ్చింది. ఆ రెండో సగం మన ఊరికి ఫార్వర్డ్ కాలేదు. 1986లో పాల్ రాండ్ అనే లోగోల డిజైనరు స్టీవ్ జాబ్స్‌కి ఒక్కటంటే ఒక్కటే నమూనా చూపించి లక్ష డాలర్లు పుచ్చుకున్నాడని నేనూ చెప్పాను. "ఆయనకి షాపు అద్దె ఎక్కువేమోలే" అన్నారు ఓనరుగారు. మూడు నమూనాలకి అయిదు వందలు ఖాయమైంది.

నేను మాత్రం తక్కువ తిన్నానా? ఆ గ్లోబు నెట్‌లోంచి దించిందే. మా వీధిలో ఒక కొరియరుకీ, ఒక కోచింగ్ సెంటరుకీ అదే భూగోళం తిరుగుతోంది. పైగా ఫోటోషాప్ ఫోటోలు దిద్దడానికి పుట్టింది. లోగోలాంటిది కోరెల్‌లో గీతల్లో గీస్తే ఎంత పెంచినా చెదరదు. తెలుసు. అయిదు వందలకి అంత తెలివి వాడాలనిపించక విజిటింగ్ కార్డు సైజులో, 1050 చుక్కల వెడల్పున వండేశాను.

వారం తిరక్కుండా ఫోను. "అబ్బాయ్, ఇరవై అడుగుల ఫ్లెక్సీ మీద అమ్మ మొహం గళ్లుగళ్లుగా ఉందేంటి?"

ఉండదా మరి. 240 అంగుళాలకి 1050 చుక్కలు సాగదీస్తే ఒక్కో చుక్క కందిగింజంత. ఈ లోపు డెలివరీ ఆటో మీదా అతికించారు. నేనిచ్చిన జేపీజీ ఫైలుకి పారదర్శకత ఉండదు, అందుకని ఆకుపచ్చ ఆటో ఒంటికి తెల్లగా చదరంగా దెబ్బకి కట్టిన పట్టీలా కూర్చుంది.

"పెంచితే సరిపోయేది కదా?" అన్నారు ఆయన.

"పెంచినందుకే అలా అయిందండీ" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. నా కష్టానికి గుర్తుగా ఒక ఆవకాయ సీసా పంపిస్తానన్నారు, మిగతా రెండొందల సంగతి ఎత్తకుండా.

సీసా నిన్న వచ్చింది. ఆవకాయ బాగుంది, వంక పెట్టలేం. లోగో కోసం తిప్పి తిప్పి చూశాను. దాని మీద ఎంఆర్‌పీ స్టిక్కరు అంటించారు.