పంచనగర ప్రయాణ వాక్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

ఇక్కడ వ్యాఖ్యకు తీసుకున్న మూలం, పదహారు రోజుల పండగ ముగిసిన మరునాడు హైదరాబాదులో ఒక నవవధువు ఆఫీసులో ఉన్న భర్తకు ఫోనులో పంపిన మూడు వాక్యాల సందేశం. ఇది వచనం కనుక ఇందులో యతిప్రాసలు వెతకడం వృథా. అయితే సూత్రగ్రంథాలకు ఉండవలసిన అల్పాక్షరత్వం, అంటే కొద్ది మాటల్లో ఎక్కువ అర్థాన్ని (ఇక్కడైతే ఎక్కువ చిక్కులను) ఇమిడ్చే గుణం, దీనికి నిండుగా ఉంది. దారి చెప్పే సాహిత్యం మనకు కొత్త కాదు. మేఘసందేశంలో యక్షుడు మేఘానికి రామగిరి నుంచి అలకాపురి దాకా దారి చెబుతూ, చుట్టుతిరుగుడైనా సరే ఉజ్జయినిని చూసి పొమ్మంటాడు. ‘ఎలాగూ అంత దూరం వెళ్తున్నాం కదా’ అనే నేటి వాదానికి మూలపురుషుడు అతడే. ఆ కావ్యానికి సంజీవని వ్యాఖ్య రాసిన కోలాచలం మల్లినాథసూరి, మూలంలో ఆధారం లేనిది ఏదీ రాయనని నియమం పెట్టుకున్నాడు. ఈ టీకా కూడా ఆ నియమాన్నే పాటిస్తుంది. ఎక్కడైనా తప్పితే, అది బంధువులు మూలంలోకి చొరబడినచోటనే అని గ్రహించాలి.

మూలం

పారిస్ మూడు, ఆమ్‌స్టర్‌డామ్ రెండు, ప్రాగ్ రెండు, వియన్నా ఒకటి, వెనిస్ రెండు. పెట్టె ఒక్కటే. మిగతాది చూద్దాం.

ప్రతిపదార్థం

పారిస్ = పారిస్ నగరమందు; మూడు = మూడు రాత్రులు; ఆమ్‌స్టర్‌డామ్ మొదలు వెనిస్ వరకు ఇదే అన్వయం; పెట్టె = చక్రాల సూట్‌కేసు; ఒక్కటే = ఇద్దరికీ కలిపి ఒకటి (ఇది వధువు పక్షం), మనిషికి ఒకటి (ఇది వరుడి పక్షం); మిగతాది = వీసా, టికెట్లు, బస, తిండి, ఖర్చు, పెద్దవాళ్లకు చెప్పడం మొదలైన సమస్తమూ; చూద్దాం = మనమిద్దరం చూద్దాము.

‘మూడు, రెండు’ అనే సంఖ్యలకు వ్యాఖ్య

‘రాత్రులు’ అనే మాట మూలంలో లేదు. ఇలా మూలంలో లేకపోయినా అర్థం పూర్తికావడానికి తెచ్చుకొనే పదాన్ని అధ్యాహారం అంటారు. ‘రోజులు’ అని అధ్యాహారం చేయరాదా అంటే, హోటళ్లు అమ్మేది రాత్రులనే కాబట్టి రాదని సమాధానం. మొత్తం పది రాత్రులు. వాటి నడుమ వచ్చే పగళ్లు తొమ్మిది. అయిదు ఊళ్లంటే నాలుగు మార్పులు. ఒక్కో మార్పుకు మూట కట్టడం, గది ఖాళీ చేయడం, స్టేషనుకో విమానాశ్రయానికో చేరడం, కొత్త ఊళ్లో గది తాళం ఇచ్చే వేళ దాకా పెట్టెతో కాలక్షేపం చేయడం కలిసి, తక్కువలో తక్కువ పూట పోతుంది. పారిస్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు రైలు మూడు గంటల పైచిలుకు; ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ప్రాగ్‌కు విమానం గాలిలో ఉండేది గంటన్నరే అయినా దాని ముందూ వెనకా నేలమీద గడిచేది అంతకు మూడింతలు. నాలుగు పూటలంటే రెండు పగళ్లు. తొమ్మిదిలో రెండు పోగా మిగిలినవి ఏడు. అంటే ఊరికి ఒకటిన్నర పగలు కూడా దక్కదు. మద్రాసు నుంచి కాశీ వెళ్లి రావడానికి ఏనుగుల వీరాస్వామయ్యకు 1830లో మొదలుపెట్టి 15 నెలలు పట్టిందని ఇక్కడ స్మరించుకోవాలి.

‘వియన్నా ఒకటి’

ఇది గ్రంథంలో గ్రంథి, అంటే విప్పడానికి కష్టమైన ముడి. ప్రాగ్ నుంచి వియన్నాకు రైలు నాలుగు గంటలు. వియన్నా నుంచి వెనిస్‌కు పగటి రైలు ఏడు గంటలు దాటుతుంది. రాత్రి రైలు ఎక్కితే తెల్లవారి దిగవచ్చు. కనుక వియన్నాకు చెప్పిన ఆ ఒక్క రాత్రి రైలులోనే గడుస్తుందనీ, హోటలు ఖర్చు మిగులుతుందనీ మితవ్యయవాదులు అంటారు. దీనికి ఆక్షేపం, అంటే ఎదుటివారి అభ్యంతరం, ఇలా ఉంది: ఆ రైళ్లలో చవక బెర్తులు నాలుగో ఆరో ఉన్న గదుల్లో ఉంటాయి, కొత్త దంపతులు నలుగురు అపరిచితుల గురకల మధ్య, ఒకరు పైబెర్తులో ఒకరు కిందిబెర్తులో పడుకునేందుకు గోదావరి ఎక్స్‌ప్రెస్ చాలదా, వియన్నా దాకా పోవడం ఎందుకు? ఇద్దరికే ప్రత్యేకమైన పడక గదులు కూడా ఉన్నాయి గాని, వాటి ధర హోటలుతో పోటీ పడుతుంది కనుక మితవ్యయవాదం నిలవదు. రాత్రి వియన్నాలోనే గడపాలని సిద్ధాంతం.

వీసా విషయం

మూలంలో అయిదు దేశాలు కనిపిస్తాయి గాని వీసా మాట ఒక్కసారి కూడా లేదు. ఇక్కడ అర్థాపత్తి అనే ప్రమాణం వర్తిస్తుంది. పగలు తినని దేవదత్తుడు లావుగా ఉన్నాడంటే రాత్రి తింటున్నాడని ఊహించడం దానికి పాత ఉదాహరణ. అయిదు దేశాలకు వెళ్లేవారు అయిదు వీసాల గోల ఎత్తలేదంటే ఒక్క వీసాతో పని జరుగుతుందని ఊహించడం కొత్త ఉదాహరణ. దానికి షెంగెన్ వీసా అని పేరు. షెంగెన్ అనేది లక్సెంబర్గ్‌లో మోసెల్ నది ఒడ్డున ఉన్న చిన్న పల్లె. 1985 జూన్ 14న అక్కడ అయిదు దేశాలు సరిహద్దు తనిఖీలు ఎత్తివేయడానికి సంతకాలు చేశాయి. నేడు ఆ ఏర్పాటులో 29 దేశాలున్నాయి. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో గడుపుతారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. రాత్రులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి పెట్టాలి. వధువు పారిస్‌కు ‘మూడు’ వేయడం ప్రేమ చేత అని కొందరు, ఫ్రాన్సుకు దరఖాస్తు పెట్టే నిమిత్తమని కొందరు అంటారు; రెండూ గ్రాహ్యమే. దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వవచ్చు, 15 రోజులకన్నా ఆలస్యం చేయరాదు. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా ఉండాలి. అయిదిటిలో నాలుగు దేశాలకు యూరో ఒక్కటే నాణెం. చెక్ దేశానిది కొరునా. కనుక జేబులో యూరోలు ఉన్నాయన్న ధీమాతో ప్రాగ్‌లో దిగరాదు.

ఇంటిపేరు సంగతి ఇక్కడే చెప్పాలి. తెలుగువారిలో ఇంటిపేరు ముందూ పెట్టిన పేరు వెనకా ఉండడం ఆచారం. పాస్‌పోర్టులో వాటికి వేరువేరు గడులు. టికెట్టు మీది పేరు పాస్‌పోర్టుతో సరిపోవాలి. పెళ్లయింది కదా అని ఉత్సాహంగా టికెట్టులో అత్తవారి ఇంటిపేరు రాయించి, పాస్‌పోర్టులో పుట్టింటి పేరు ఉంచుకుంటే, విమానాశ్రయంలో వధువు ఇద్దరు మనుషులవుతుంది. ఇంటిపేరు మార్చే ఉద్దేశం ఉంటే ఆ పని యాత్ర ముగిశాక చేయడమే శ్రేయస్కరం.

కాలనిర్ణయం

వైశాఖ జ్యేష్ఠాల్లో పెళ్లయిన జంటకు వెంటనే ఆషాఢం వస్తుంది. ఆ నెలలో కొత్తకోడలు అత్తగారితో ఒకే గడప లోపల ఉండరాదని ఆచారం; పారిస్‌లో అత్తగారు ఉండరు కాబట్టి ఆచారభంగం లేదని నవీనుల మతం. అయితే ఆషాఢం పడేది జూన్ జూలైలలో. యూరప్‌లో గదుల ధరలు కొండెక్కి కూర్చునే నెలలూ అవే. శ్రావణం రాగానే మంగళగౌరీ వ్రతానికి ఇంటికి చేరాలి కనుక ప్రయాణాన్ని వెనక్కి జరిపే వీలు కూడా తక్కువ.

ఆదివారం, శుక్రవారం పడమటికి వారశూల, అంటే ఆ దిక్కుకు ప్రయాణం కూడని దినాలు. హైదరాబాదు నుంచి పడమటికి పోయే విమానాలు తరచు తెల్లవారుజామున బయలుదేరుతాయి. శనివారం మూడు గంటల విమానం టికెట్టు ప్రకారం శనివారానిదే. పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది కాబట్టి తాతగారి ప్రకారం అది శుక్రవారానిదే. టికెట్టు రద్దుకు డబ్బు తిరిగిరాదు గనుక ఇక్కడ ధర్మశాస్త్రం మౌనం వహిస్తుంది. మంగళవారం విషయంలో మాత్రం ఉభయ సంప్రదాయాలూ కలిశాయి: లూవ్ర్ మ్యూజియం ఆనాడు మూసి ఉంటుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఆన్ ఫ్రాంక్ ఇంటికి టికెట్లు ప్రతి మంగళవారం, ఆరు వారాల తర్వాతి సందర్శనానికి, ఆన్‌లైన్‌లో మాత్రమే పెడతారు; ఆ రోజున వధూవరులలో ఒకరైనా కంప్యూటరు ముందు ఉపవాసం ఉండాలి.

‘పెట్టె ఒక్కటే’

‘ఒక్కటే’ లోని ఏకారం అవధారణార్థకం, అంటే ‘మరొకటి కాదు’ అని తెగేసి చెప్పేది. దీని బలం వెనిస్‌లో తెలుస్తుంది. సాంతా లూచియా స్టేషను మెట్లు దిగగానే ఎదురుగా గ్రాండ్ కెనాల్. కారు లేదు, ఆటో లేదు. పక్కనే స్కాల్జీ వంతెన, దానికి ఎక్కను మెట్లు, దిగను మెట్లు. చక్రాల పెట్టె ప్రతి మెట్టు మీదా ‘టక్’ మని దెబ్బ తింటూ ఎక్కుతుంది. మొదటి వంతెన మీద భర్త ఒక్కడే మోస్తాడు, రెండో వంతెన మీద ఇద్దరూ చెరో పక్క పట్టుకుంటారు, మూడో వంతెన మీద ‘ఈ కుక్కరు ఎవరు పెట్టమన్నారు?’ అనే ప్రశ్న పుడుతుంది.

తూకం వేసే పద్ధతి సర్వత్రా ఒకటే. వరుడు పెట్టెను గుండెకు హత్తుకొని బరువు చూసే యంత్రం మీద నిలబడతాడు; ముల్లు కనిపించదు కనుక వధువు వంగి 97 అని చదువుతుంది; పెట్టె దించాక 74 అని చదువుతుంది; తేడా 23 కిలోలు, అనేక విమానసంస్థలు ఒక పెట్టెకు ఒప్పుకొనే పరిమితి. అప్పుడు వంటింట్లోంచి పాత పేపరులో చుట్టి, మూడు కవర్లలో కట్టి, మూతికి టేపు వేసిన ఆవకాయ సీసా వస్తుంది.

ఈ సందర్భంలో భక్ష్యాభక్ష్య వివేకం అవసరం. ఆవకాయకు దోషం లేదు గాని చేతిసంచిలో పెడితే భద్రతా తనిఖీలో 100 మిల్లీలీటర్ల నియమం కింద పోతుంది కనుక పెద్ద పెట్టెలోనే పెట్టాలి. బయటి దేశాల నుంచి ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తేవడం యూరోపియన్ యూనియన్‌లో నిషిద్ధం. కాబట్టి పాలకోవా అభక్ష్యం. పచ్చి మొక్కలకు, పండ్లకు వ్యాధిరహితమని ధ్రువపత్రం కావాలి; కాబట్టి కరివేపాకు రెబ్బ కూడా చెల్లదు. అరటి, కొబ్బరి, ఖర్జూరం, అనాస, దురియన్ అనే అయిదు పండ్లకు మాత్రం మినహాయింపు ఉంది. మామిడిపండుకు లేని గౌరవం కొబ్బరికాయకు దక్కడం చూసి అమ్మమ్మలు సంతోషిస్తారు.

ప్రక్షిప్తాలు

ప్రక్షిప్తమంటే మూలకర్త రాయనిది తర్వాతివారు చొప్పించినది. ‘లండన్ ఒకటి’ అనేది పిన్నిగారి ప్రతిలో కనిపిస్తుంది. బ్రిటన్ షెంగెన్‌లో లేదు, దానికి వేరే వీసా కావాలి కనుక ఇది స్పష్టంగా ప్రక్షిప్తం. ‘స్విట్జర్లాండ్ రెండు’ అనేది మామగారి ప్రతిలోది. ఆ దేశం యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా షెంగెన్‌లో ఉంది గనుక శాస్త్రదోషం లేదు. కాని దీన్ని చేర్చితే రాత్రులు 12 అవుతాయి, సెలవు సరిపోదు; పైగా దీనికి ప్రమాణం సినిమా పాటలు తప్ప మరొకటి లేదు. ‘వంతెనకు తాళం వేయాలి’ అనేది స్నేహితుల ప్రతిలోది. పారిస్‌లోని పోం దేజార్ వంతెన కటకటాలకు జంటలు తాళాలు వేసి తాళంచెవులు సెన్ నదిలో పడేసేవారు. ఆ బరువుకు 2014 జూన్‌లో కటకటాల్లో ఒక భాగం కూలింది, 2015లో తాళాలన్నీ తీసివేశారు. కొంగుముడి వేసుకున్నవారికి తాళంతో పని లేదు.

‘చూద్దాం’

ఇదే మూలంలో ప్రధాన పదం. మిగిలినవన్నీ దీనికి విశేషణప్రాయాలు. పైకి ఇది వాయిదా మాటలా కనిపిస్తుంది. తండ్రులు పిల్లలతో ‘చూద్దాంలే’ అన్నప్పుడు ఆ అర్థమే. ఇక్కడ అది కాదు. ‘దాం’ అనే ప్రత్యయం మాట్లాడేవారినీ వినేవారినీ కలుపుకొని వస్తుంది. ‘మేము’ వేరు, ‘మనం’ వేరు అని తెలుగు పాటించే భేదం దీనిలో ఇమిడి ఉంది. మూలం పంపే అయిదు దేశాల్లో మాట్లాడే ఫ్రెంచి, డచ్చి, చెక్, జర్మన్, ఇటాలియన్ భాషల్లో ఈ రెండిటికీ ఒక్కటే సర్వనామం. కనుక ‘మిగతాది చూస్తాను’ అనకుండా, ‘మిగతాది నువ్వు చూడు’ అనకుండా, వధువు ‘చూద్దాం’ అనడంలో పని పంపకం ఉంది. పైగా చూడడం అనే క్రియ ఏర్పాటు చేయడానికీ కళ్లతో చూడడానికీ ఒకటే కావడం వల్ల ఇక్కడ శ్లేష, అంటే ఒకే మాట రెండర్థాలివ్వడం. వీసాను ఎలా చూడాలో నగరాన్నీ అలాగే ఇద్దరూ కలిసి చూడాలి.

తాత్పర్యం

పది రాత్రుల్లో అయిదు ఊళ్లు తిరిగితే స్టేషన్లే ఎక్కువ కనబడతాయి. ఇద్దరికీ కలిపి ఒక పెట్టె అంటే తేలికపాటి పెట్టె అనీ, ‘చూద్దాం’ అంటే కొంత చోటు ఖాళీగా ఉంచాలనీ వాక్యాభిప్రాయం. అయిదు ఊళ్లు చెప్పి చివర ‘చూద్దాం’ అనడం పరస్పర విరుద్ధం. విరోధం వచ్చినచోట ప్రధాన పదమే బలీయం కాబట్టి, ఊళ్లే తగ్గాలని నిర్ణయం.

కనుక ఈ వాక్యాన్ని ఆచరించదలచిన దంపతులు వీసా దరఖాస్తు పూరించకముందే, ఎదురెదురుగా కూర్చుని, బంధువులకు చూపకుండా, అయిదింటిలో రెండు ఊళ్లు కొట్టివేసి, ఆ రాత్రులను మిగిలిన మూడింటికి పంచవలెను. కొట్టివేసినవాటిలో పారిస్ ఉంటే, దరఖాస్తు ఏ దేశానికో మళ్లీ లెక్క చూసుకోవలెను.